చారల ఉత్తరం

బాబా మాటలు సగానికి సగం కాగితం మీద పడలేదు.

మీరావలి ఆ కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతుర్లో చూశాడు. ప్రతి వరుసలోనూ అడ్డంగా తెల్లటి చారలు. కొన్ని అక్షరాలకు తలకట్లు ఉన్నాయి, కింద ఏమీ లేదు. కొన్నిటికి ఒత్తులు మాత్రం మిగిలాయి. పేజీ అడుక్కి వచ్చేసరికి అవీ లేవు, ఉత్త కాగితం. ఉరుసు ఇంకా పన్నెండు రోజులే ఉంది.

వినుకొండలో రైలుకట్ట అవతల ఉంది సిలార్ బాబా మకాం. మకాం అంటే పెద్ద కట్టడం అనుకోకండి. రెండు గదుల పెంకుటిల్లు, ముందు రేకుల వసారా, వెనక బాబాగారి గురువు సమాధి. ఏటా ఉరుసు జరిగేది ఆ సమాధి దగ్గరే. బాబా పుట్టింది దూదేకులవాళ్ళ ఇంట్లో. యాభై ఏళ్ళు ఊరూరా తిరిగి పాత పరుపులు విప్పి, గడ్డకట్టిన దూది ఏకి, మళ్ళీ కుట్టాడు. ఎనభై దాటాక ఇప్పుడు వసారాలో కూర్చుని, వంటకి ఏదో ఒకటి తరుగుతూ, వచ్చినవాళ్ళతో మాట్లాడుతుంటాడు. గురువారాలు మాలాంటివాళ్ళం వెళ్ళి వింటుంటాం.

మీరావలి ఆయన శిష్యుడు. నలభై ఎనిమిదేళ్ళవాడు. పదేళ్ళ కిందట టైపు ఇన్‌స్టిట్యూట్ వదిలేసి వచ్చి మకాంలో ఉండిపోయాడు. చాలా మంచివాడు. కాకపోతే ఏ పనైనా వంక పెట్టడానికి లేకుండా చెయ్యాలంటాడు, అందుకని ఏ పనీ పూర్తిచెయ్యడు. బాబా మాటల్ని నోటుబుక్కుల్లో రాసుకుని ఆరేళ్ళుగా ఒక చిన్న పుస్తకంగా కూరుస్తున్నాడు. దిద్దిందే దిద్దుతున్నాడు. ఈ ఉరుసునాడు మొదటి ప్రతి సమాధి దగ్గర పెట్టి, మొదటి పేజీ తనే అందరికీ వినిపించాలని అతని కోరిక.

ఆ పుస్తకం కోసమే నాలుగు నెలల కిందట ఒక భక్తుడు కంప్యూటరూ, ప్రింటరూ ఇచ్చాడు. ప్రింటర్‌ని చూసి మీరావలి కళ్ళు చెమర్చాయి. గురువుగారి మాట కాగితమెక్కేది దీని మీదుగా కదా అనుకున్నాడు. దాన్ని ఎత్తైన పీట మీద పెట్టాడు. కిందటేడు ఉరుసుకి సమాధి మీద కప్పిన ఆకుపచ్చ చాదర్ తెచ్చి దాని మీద కప్పాడు. రోజూ పొద్దున సాంబ్రాణి వేశాడు. అన్నీ చేశాడు గానీ, ఒక్క కాగితం తియ్యలేదు.

ఎవర్నీ తియ్యనివ్వలేదు కూడా. పక్కవీధి శివపార్వతమ్మ పింఛను కాగితం ఒకటి తీసిపెట్టమని వస్తే, "ఇది బాబా మాటలకేనమ్మా, వేరే కాగితాలు తియ్యం" అని పంపించేశాడు. ఆవిడ మోకాళ్ళ నొప్పులతో బజారు దాకా నడిచింది. ఈ సంగతి బాబాకి తెలుసు.

ఆయనకి తెలిసిన సంగతి ఇంకొకటి ఉంది.

మీరావలి చొక్కా జేబులో ఒక ఉత్తరం ఉంది. గురువారం వచ్చింది, చిలకలూరిపేట నుంచి, వాళ్ళక్క మౌలాబి రాసింది. తల్లి పోయేనాటికి మీరావలికి నాలుగేళ్ళు, అక్కకి పదహారు. ఎత్తుకుని పెంచింది ఆవిడే. తను చదివింది అయిదో తరగతి. అదంతా తమ్ముడికి బొగ్గుముక్కతో గచ్చు మీద నేర్పింది.

తొమ్మిదేళ్ళ కిందట మౌలాబి భర్త పోయాడు. అప్పుడు మీరావలి చిల్లాలో ఉన్నాడు. అంటే నలభై రోజులు గదిలో ఒంటరిగా కూర్చుని చేసే ధ్యానం. కబురు ముప్పై ఏడో రోజున వచ్చింది. బాబా ఆ వారం ఊళ్ళో లేడు. మీరావలి తలుపు తీశాడు, కబురు విన్నాడు, తలుపు వేసుకున్నాడు. మూడు రోజులు ఓపిక పడితే నలభై అవుతుంది కదా అనుకున్నాడు. నలభై అయ్యింది. ఆ తర్వాత అక్కకి ముఖం చూపించలేకపోయాడు.

అక్క ఏడాదికో ఉత్తరం రాస్తూనే ఉంది. ఫోనులో మాట వింటే అయిపోతుంది, కాగితమైతే మళ్ళీ చదువుకోవచ్చు అంటుందట. ఉత్తరం వచ్చినప్పుడల్లా బాబా, "జవాబు రాశావా?" అని అడిగేవాడు. "రాస్తున్నా బాబా" అనేవాడు మీరావలి. అబద్ధం కాదు. తొమ్మిదేళ్ళుగా రాస్తూనే ఉన్నాడు. ట్రంకుపెట్టె నిండా సగం సగం ఉత్తరాలే. తను చేసినదానికి సరిపడే మాట దొరకలేదు.

ఈసారి అక్క నాలుగు వరుసలే రాసింది. కళ్ళలో నీటి ఒత్తిడి పెరిగింది. ఒక కన్ను పోయినట్టే. రెండోదానికి గుంటూరులో ఆపరేషన్ చేస్తామన్నారు, చేశాక చూపు ఎంత నిలుస్తుందో చెప్పలేమన్నారు. "ఈలోపు నీ దగ్గర్నుంచి ఒక ఉత్తరం చదవాలనుంది. అక్షరాలు పెద్దవిగా ఉండాలి."

మీరావలి చేతిరాత చీమలబారు. పెద్దగా కావాలంటే కంప్యూటర్లో కొట్టి తియ్యాల్సిందే. అటు పుస్తకం, ఇటు ఉత్తరం, మధ్యలో ఈ పాడు మిషను.

శనివారం పొద్దున్నుంచి అతను చెయ్యని పని లేదు. ఇంకు బయటికొచ్చే భాగాన్ని హెడ్డు అంటారు. దాన్ని శుభ్రం చెయ్యమని కంప్యూటర్లోంచి ఏడుసార్లు ఆజ్ఞ ఇచ్చాడు. మిషను ఏడుసార్లూ బుద్ధిగా గుర్రుగుర్రుమని, ఇంకు తాగి, మళ్ళీ చారలే కక్కింది. నరసరావుపేట మెకానిక్‌కి ఫోన్ చేస్తే, "హెడ్డు ఎండిపోయిందన్నా. కొత్తది తెప్పించాలి, పదిహేను రోజులు పడుద్ది" అన్నాడు. ఆదివారం మీరావలి కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. సోమవారం పొద్దున అతనికి ఒక ఆలోచన తోచింది. సమాధి దగ్గర సీసాలో పన్నీరు ఉంది కదా. పవిత్రమైనది, పైగా నీళ్ళే. నాలుగు చుక్కలు లోపల పోశాడు.

వసారాలో బెండకాయలు తరుగుతున్న బాబా ముక్కు ఎగబీల్చాడు. చేతికర్ర పట్టుకుని లోపలికి వచ్చాడు.

"ఏందయ్యా మీరావలీ, పెళ్ళివారింటి వాసనొస్తంది. మిషన్‌కి సంబంధం కుదిరిందా?"

మీరావలి నవ్వలేదు. అతని చేతిలో గుండుసూది ఉంది. ఇంకు రంధ్రాలు దానితో పొడుద్దామని కూర్చున్నాడు.

బాబా ఆ గుండుసూది అడిగి తీసుకున్నాడు. తన చొక్కాకి గుండీ ఊడిన చోట దాన్ని గుచ్చుకున్నాడు. గుచ్చుకుని, బాగుందా అన్నట్టు చూశాడు. తర్వాత పీట పక్కన చాప మీద కూలబడ్డాడు.

"దానికేమైందో నాకర్థమయ్యేటట్టు చెప్పు."

మీరావలి చెప్పాడు. హెడ్డు అడుగున వెంట్రుక కంటే సన్నటి రంధ్రాలు వందలుంటాయి. ఇంకు వాటిలోంచి పడుతుంది. నాలుగు నెలలు కదిలించకపోయేసరికి ఇంకు రంధ్రాల్లోనే ఎండిపోయింది.

"కదిలించకపోతేనా?"

"అవును బాబా."

"వాడితే పాడవలేదు, వాడకపోతే పాడయ్యింది."

"అవును బాబా."

బాబా చాదర్ వంక ఒకసారి చూశాడు.

"ఆ ఇంకు నూనెదా, నీళ్ళదా?"

"నీళ్ళదే."

"అయితే నీళ్ళకే కరుగుద్ది. గడ్డకట్టిన దూది నేనెంత చూశానో నీకు తెలుసుగా. గోళ్ళతో పీకితే పీచు తెగుద్ది. ఎండలో పెట్టి, అది విచ్చుకునేదాకా కూచోవాలి. దూదేకే విల్లు పట్టేది ఆ తర్వాతే."

మీరావలికి కొంచెం ధైర్యం వచ్చింది. ఇలాంటి వైద్యం వీడియోలో చూశాడు గానీ చేసే ధైర్యం లేకపోయింది. ఊళ్ళో నీళ్ళు ఉప్పు కాబట్టి బ్యాటరీల కొట్టుకి వెళ్ళి, బ్యాటరీలో పోసే శుద్ధమైన నీళ్ళ సీసా తెచ్చాడు. గిన్నెలో గోరువెచ్చగా కాచాడు. బాబా పరుపుల సంచి గుర్తొచ్చి, అందులోంచి దూది కూడా తీశాడు.

"దూదొద్దు," అన్నాడు బాబా. "నూగు పట్టుకుంటది. అన్ని రంధ్రాలున్నచోట దూదేంది? బాగా ఉతికి ఉతికి పలచబడ్డ గుడ్డ కావాలి."

యాభై ఏళ్ళు దూదితో బతికిన మనిషి దూది వద్దనడం మీరావలికి వింతగా తోచింది. బాబా తన పాత తలగుడ్డ తెప్పించి, అంచు చింపి, నాలుగు మడతలు పెట్టి ఇచ్చాడు.

మీరావలి మిషను ఆన్ చేశాడు. హెడ్డు మూలలోంచి కదిలి మధ్యకి రాగానే ప్లగ్గు పీకేశాడు. ఇప్పుడది చేత్తో జరిపితే జరుగుతుంది. హెడ్డు జరిగే దారిలో పడ్డ పన్నీరు తుడిచేశాడు. తడిగుడ్డ మడతని హెడ్డు కిందికి తోసి, హెడ్డుని నెమ్మదిగా దాని మీదికి తెచ్చి వదిలాడు. అప్పుడు మధ్యాహ్నం నమాజు వేళ.

పది నిమిషాలకి వెళ్ళి మూత ఎత్తబోయాడు. మళ్ళీ పది నిమిషాలకి లేచాడు. మూడోసారి లేవబోతుంటే బాబా గోంగూర కట్టలు రెండు అతని ఒళ్ళో పడేశాడు.

"ఆకు కొయ్యి. నీళ్ళ పని నీళ్ళని చేసుకోనీ."

సాయంత్రం నమాజు అయ్యాక గుడ్డ తీశారు. నల్లగా తడిసి ఉంది. నడుమ మరీ చిక్కగా, కాటుకలా మరక. అంత ఇంకు అక్కడే పేరుకుని ఉందా అని మీరావలి ఆశ్చర్యపోయాడు. బాబా మాత్రం ఆ గుడ్డని అరచేతిలో పరుచుకుని, పరుపులోంచి తీసిన దూదిని చూసినట్టే చూశాడు.

"ఇక ఏదైనా వేసి చూడు."

మీరావలి కంప్యూటర్లో పరీక్ష గీతలు వెయ్యబోయాడు.

"గీతలు నాకు తెలీవు. అక్షరాలెయ్యి. పెద్దవి. నేనూ చూస్తా."

"ఏం అక్షరాలు బాబా?"

"అక్కకి రాస్తన్నావుగా, అది వెయ్యి."

మీరావలి గొంతు తగ్గింది. "అదింకా సరిగ్గా రాలేదు బాబా."

"మిషను కూడా సరిగ్గా లేదుగా. సరిపోద్ది."

మీరావలి కీబోర్డు ముందు కూర్చున్నాడు. ట్రంకుపెట్టెలో ఉత్తరాలు గుర్తుచేసుకుందామనుకున్నాడు. బాబా వెనకే నిలబడి కర్రతో నేలమీద టకటక కొడుతున్నాడు. ఎలాగూ చెత్తబుట్టలో పడే కాగితమే కదా అనుకుని, తోచింది తోచినట్టు కొట్టాడు. దిద్దలేదు.

"అక్కా, నేను మీరావలిని.

బావ పోయిన కబురు ఆ రోజే అందింది. ముప్పై ఏడో రోజు. నలభై పూర్తిచెయ్యాలన్న ఆశతో రాలేదు.

పూర్తిచేశాను. ఆ నలభై నాకెందుకూ పనికిరాలేదు.

తర్వాత సిగ్గుతో రాలేదు. సిగ్గు ఏటేటా పెరిగింది.

నన్ను మన్నించు."

కొట్టాక ఆ మాటలకేసి చూస్తూ ఉండిపోయాడు. తొమ్మిదేళ్ళలో ఇంత పొట్టి ఉత్తరం ఎప్పుడూ రాయలేదు.

"నొక్కు," అన్నాడు బాబా.

కాగితం బయటికి వచ్చింది. శనివారం కంటే నయం. ఏ అక్షరమో పోల్చుకోవచ్చు. కానీ చారలు చారలే. 'బావ'లో బా సగమే ఉంది. 'నలభై' మీంచి తెల్లటి గీత పోయింది. కిందికి వచ్చేకొద్దీ ఇంకు పలచబడి, ఆఖరి వరుస పూర్తిగా మాయమైంది. ఏ వరుస కోసం తొమ్మిదేళ్ళు వెతికాడో అదే కాగితం మీద లేదు.

మీరావలి దాన్ని నలపబోయాడు. బాబా చెయ్యి చాపాడు. "ఇటివ్వు. అక్షరాలు పెద్దవిగా ఉన్నాయి, నాకు కనపడతన్నాయి. తీరిగ్గా చూసుకుంటా." మడిచి తలగడ కింద పెట్టుకున్నాడు. దాన్ని అంతటితో మీరావలి మర్చిపోయాడు.

మంగళవారం ఇంకో గుడ్డ పెట్టారు. ఈసారి మరక బూడిదరంగులో వచ్చింది. బుధవారం మూడో గుడ్డ. సాయంత్రం పరీక్షకి కాగితం తీస్తే ఒక్క చార లేదు. అక్షరాలు కొత్తగా ఇంకులో ముంచి తీసినట్టు నిగనిగలాడుతున్నాయి. మీరావలికి ఎగిరి గంతెయ్యాలనిపించింది. వయసు గుర్తొచ్చి ఆగాడు.

"బాబా, ఇప్పుడు అక్కకి మంచి ఉత్తరం రాస్తాను," అన్నాడు. కూర్చుని మొదలుపెట్టాడు. మొదటి వరుస మార్చాడు. రెండోది తీసేశాడు. 'ఆశతో' అనాలా, 'అజ్ఞానంతో' అనాలా అని ఆలోచనలో పడ్డాడు. పావుగంట గడిచింది.

బాబా గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నాడు. "ఇంకేం రాస్తావులే. ఉత్తరం నిన్ననే పోయింది."

మీరావలి వెనక్కి తిరిగాడు. "ఏ ఉత్తరం?"

"సోమవారం తీశావుగా. పోస్టుమాన్ వస్తే కవరు మీద అక్క చిరునామా రాయించి ఇచ్చా."

"ఆ చారల కాగితమా?"

"ఆఁ."

గురువు మీద కోపం రావడం మీరావలికి అదే మొదటిసారి. ముఖం కందగడ్డ చేసుకున్నాడు.

"సగం అక్షరాలు లేవు బాబా. ఆఖరి వరుసైతే అసలు పడనేలేదు. చూపు లేని మనిషి ఎట్లా చదువుతుంది అది?"

"నీకు అక్షరాలు నేర్పిందెవరు?"

"అక్కే."

"మరింకేం," అని బాబా బెండకాయల దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆ వారం మీరావలి గురువుతో సరిగ్గా మాట్లాడలేదు. పిలిస్తే పలికేవాడు, అంతే. బాబాకి అదేమీ పట్టినట్టు లేదు. గురువారం మేమందరం వెళ్ళినప్పుడు, "మిషన్ బాగైంది, రోజుకి నాలుగు కాగితాలన్నా పడకపోతే మళ్ళీ ఎండుద్దంట. మీ ఇళ్ళల్లో ఏం కాగితాలున్నా పట్టుకురండి, మీరావలి తీస్తాడు" అని చెప్పాడు. మేం ఊరుకుంటామా. రేషన్ కార్డులు, హాల్ టికెట్లు, రైలు టికెట్లు, ఒకాయన ఏకంగా కోడిపెట్ట పోయిందని ఫొటో పెట్టి ప్రకటన తెచ్చాడు. శివపార్వతమ్మ వస్తే మీరావలి లేచి వెళ్ళి కుర్చీ వేశాడు. పింఛను కాగితం మూడు ప్రతులు తీసి, తనే వాళ్ళింటి దాకా వెళ్ళి ఇచ్చొచ్చాడు. అడిగితే, ఊరికే అటు పనుండి వెళ్ళానన్నాడు.

పుస్తకం కూడా అయ్యింది. "ఇంకా దిద్దాల్సింది ఉంది బాబా" అంటే, "ఉన్నది వెయ్యి" అన్నాడాయన. పదహారు పేజీలు, ముప్పై ప్రతులు. సోమవారానికి కుట్టడం పూర్తయింది. కుట్టింది బాబానే, పరుపులు కుట్టే దారంతో. మొదటి ప్రతిని మీరావలి ఒక తెల్లగుడ్డలో చుట్టి అలమరలో దాచాడు. గురువారం ఉరుసు. ఆ రోజు అది తెరిచి చదవాలి. సాయంత్రం వసారాలో అటూ ఇటూ నడుస్తూ మొదటి పేజీ వల్లెవేశాడు. ముఖంలో వెలుగు వచ్చింది గానీ, సైకిల్ బెల్లు వినపడినప్పుడల్లా వీధిలోకి చూసేవాడు.

మంగళవారం పదకొండు గంటలకి పోస్టుమాన్ వచ్చాడు.

కవరు మౌలాబి దగ్గర్నుంచే. మీరావలి దాన్ని చించడానికి రెండు నిమిషాలు పట్టింది. లోపల కొత్త ఉత్తరం లేదు. ఆ చారల కాగితమే వెనక్కి వచ్చింది. తిప్పి పంపేసింది అనుకున్నాడు.

తర్వాత వెలుతుర్లోకి పట్టుకుని చూశాడు.

తెగిన అక్షరాలన్నీ అతుక్కుని ఉన్నాయి. తెల్లటి చార ఉన్న ప్రతిచోటా నీలం పెన్నుతో దిద్ది ఉంది. గీతలు పక్కకి పోయాయి, ఒకటిరెండు చోట్ల రెండేసిసార్లు దిద్దింది. 'బావ'లో పోయిన సగం ఆవిడ గుండ్రంగా పెట్టింది. 'నలభై' మీద తెల్లగీతని నింపింది. 'సిగ్గు' కింద ఒత్తు వెయ్యాల్సిన చోట వేసింది. నలభై నాలుగేళ్ళ కిందట గచ్చు మీద తమ్ముడి వంకరటింకర అక్షరాలు ఎట్లా దిద్దేదో అట్లాగే, ఒక్కటి వదలకుండా.

అడుగున ఆఖరి వరుస ఉండాల్సిన చోట ఖాళీ ఉంది. అక్కడ పెద్ద అక్షరాలతో ఆవిడ రాసింది.

"ఇక్కడేం రాశావో నాకు తెలుసులేరా. ఆపరేషన్ బుధవారం పొద్దున. వచ్చి పక్కన కూచో."

మీరావలి మెట్టు మీద కూర్చుండిపోయాడు. ఏడ్చాడు. ఎవరైనా చూస్తారన్న ధ్యాస కూడా లేదు. బాబా వంకాయలు కోస్తూనే ఉన్నాడు. చూడనట్టు కూడా నటించలేదు, తలెత్తి చూశాడు, మళ్ళీ కోసుకున్నాడు.

బుధవారం ఆపరేషన్. గురువారం ఉరుసు. ఒక్కరోజే తేడా, కానీ ఆపరేషన్ అయిన మనిషిని ఆ రోజే వదిలి రాలేడు. అలమరలో తెల్లగుడ్డలో చుట్టిన పుస్తకం ఉంది. ఆరేళ్ళ పని. మేమైతే ఆ సమయంలో గురువుగారిని సలహా అడిగి ఉండేవాళ్ళం. మీరావలి కూడా అడుగుతాడనే నేననుకున్నాను, ఆ రోజు నేనక్కడే చింతపండు పిసుకుతున్నాను కాబట్టి చెబుతున్నా.

అతను అడగలేదు. కళ్ళు తుడుచుకుని లేచాడు.

"గుంటూరు బస్సు ఎన్నింటికి బాబా?"

"పన్నెండున్నరకుంది."

మీరావలి లోపలికి వెళ్ళి సంచిలో రెండు జతల బట్టలు పెట్టుకున్నాడు. అక్క కాగితాన్ని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అలమర తెరిచి, పుస్తకం తీసుకొచ్చి బాబా చేతిలో పెట్టాడు.

"ఎల్లుండి మీరే చదవండి బాబా."

"చదువుతా. నా మాటలేగా. తప్పులుంటే నన్నే అడుగుతారు."

మీరావలి వెనక సమాధి వైపు చూశాడు. ఈ పదేళ్ళలో అతను లేకుండా ఉరుసు జరగలేదు. వెళ్ళి అక్కడ కాసేపు నిలబడి తల వంచి వచ్చాడు. బాబా అతని ముఖం చూశాడు.

"ఆయన పోయి అరవై ఏళ్ళయ్యిందయ్యా. ఇంకెక్కడికీ పోడు."

అని, మోకాళ్ళ మీద చేతులు ఆనించి నెమ్మదిగా లేచాడు. గదిలోకి వెళ్ళాడు. ప్రింటర్ మీద కప్పిన ఆకుపచ్చ చాదర్ తీసి, ఒకసారి దులిపాడు. సాంబ్రాణి వాసనా, కొంచెం పన్నీరు వాసనా వచ్చాయి. దాన్ని పరుపు గలీబు మడిచినంత శ్రద్ధగా మడిచి, తెచ్చి మీరావలి సంచి మీద పెట్టాడు.

"ఆస్పత్రి గదుల్లో చల్లగా ఉంటదంట. అక్కకి కప్పు."